సర్వీసు నుంచి వచ్చాక బండి లాగడం లేదంటే టర్బో కంటే ముందు జాబ్ కార్డు చూడండి

తిరుపతిలో ఉంటున్న మీ దగ్గర 2018 నాటి 1.3 లీటర్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. అరవై వేల కిలోమీటర్ల పెయిడ్ సర్వీసుకు షోరూముకు ఇచ్చి తెచ్చుకున్నారు. ఊళ్లో తిరిగినంత కాలం తేడా తెలియలేదు గాని, ఆ వారమే కుటుంబంతో తిరుమలకు బయలుదేరితే, రెండో ఘాట్ రోడ్డులో మామూలుగా మూడో గేరులో సాగిపోయే చోట రెండో గేరులో కూడా బండి ఈడ్చుకుంటూ ఎక్కింది. వెనక వస్తున్నవారు నల్లపొగ కక్కుతోందని చెప్పారు. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. మైలేజీ ఇరవై నుంచి పదిహేనుకు పడిపోయింది. తిరిగి షోరూముకు తీసుకువెళితే ఒక చుట్టు నడిపి చూసి, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) బలహీనపడిందని, మార్చడానికి అరవై వేలకు పైగా అవుతుందని అన్నారు. మార్చాలా, వద్దా అని మీరు నన్ను అడిగారు.

ఇప్పుడే మార్చవద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే టర్బో చెడిపోయి ఉండటం కంటే, టర్బో ఒత్తిన గాలి ఇంజిన్‌లోకి చేరకుండా దారిలోనే బయటికి పోతూ ఉండటానికే అవకాశం ఎక్కువ. అయినా చూడకుండా చెప్పిన మాట ఎవరిదైనా, నాది సహా, ఊహే గనుక దాన్ని మీ అంతట మీరు ఎలా తేల్చుకోవచ్చో వరుసగా రాస్తున్నాను. నేను చాలా ఏళ్లు ఒక డీలర్ వర్క్‌షాపులోనే పనిచేసి, ఆ తరువాత సొంతంగా షెడ్డు పెట్టుకున్నవాణ్ణి. సర్వీసు జరిగిన వారం లోపల మొదలైన పికప్ లోపానికి కారణం, చాలా వరకు, ఆ సర్వీసులో చెయ్యి పడిన చోటే దొరుకుతుంది. అందుకే బానెట్ ఎత్తడానికి ముందు జాబ్ కార్డునూ (బండికి చేయవలసిన పనులు షోరూము వారు రాసి ఇచ్చే కాగితం) బిల్లునూ బయటికి తీసి, ఏమేమి విప్పారో, ఏమేమి మార్చారో ఒక్కొక్కటీ చదవండి. ఇన్ని కిలోమీటర్ల దగ్గర సాధారణంగా ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మారతాయి, బ్రేకులు విప్పి శుభ్రం చేస్తారు, చివర్లో వాటర్ వాష్ ఉంటుంది. మీ లోపం వీటిలో ఏదో ఒకదానికి అంటుకుని ఉంటుందన్న అనుమానంతోనే వెతకడం మొదలుపెట్టాలి.

పైసా ఖర్చు లేని పరీక్షతో మొదలుపెడదాం. వాషింగ్ అయ్యాక మ్యాట్లు ఆరబెట్టి తిరిగి వేసేటప్పుడు డ్రైవరు వైపు మ్యాటును కొక్కేలకు తగిలించకుండా ముందుకు తోసి వదిలేస్తారు. దాని అంచు మడతపడి యాక్సిలరేటర్ పెడల్ కిందికి చేరితే మీరు ఎంత బలంగా తొక్కినా పెడల్ చివరి దాకా దిగదు. ఊళ్లో సగం పెడల్‌తోనే పని జరుగుతుంది కాబట్టి తెలియదు, ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే బయటపడుతుంది. ఇంజిన్ ఆపి, మ్యాటు తీసేసి, పెడల్‌ను చేత్తో చివరి దాకా నొక్కి చూడండి. మీ బండి నల్లపొగ ఇస్తోంది గనుక ఇదొక్కటే కారణమని అనుకోను. అయినా అర నిమిషం పని, వదిలేయవద్దు. మ్యాటు పెడల్ మీదికి ఎక్కితే ప్రమాదం ఎటూ ఉంది.

తరువాత, నిజంగా ఇంజినే బలం కోల్పోయిందా, లేక ఇంజిన్ ఇచ్చిన బలాన్ని మరొకటి తినేస్తోందా అన్నది విడదీయాలి. బ్రేకులు శుభ్రం చేసినప్పుడు క్యాలిపర్ (చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు భాగం) పిన్నులకు గ్రీజు పెట్టకుండా బిగించినా, హ్యాండ్ బ్రేకును అవసరానికి మించి టైట్ చేసినా, చక్రం ఎప్పుడూ కొద్దిగా పట్టుకునే ఉంటుంది. యజమానికి అది అచ్చం పికప్ తగ్గినట్టే అనిపిస్తుంది, మైలేజీ కూడా పడుతుంది. రేణిగుంట దాకా వెళ్లి, వీలైనంత తక్కువ బ్రేకు వాడుతూ తిరిగి వచ్చి, ఆగిన వెంటనే నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి వేడి చూడండి. ఒక చక్రం తక్కినవాటి కంటే స్పష్టంగా ఎక్కువ సెగ కొడితే అక్కడే విషయం ఉంది. క్లచ్ సంగతి తేలిక. సమతలంలో నాలుగో గేరులో నలభై కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా తొక్కినప్పుడు, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు పైకి లేచి వేగం మాత్రం దాని వెంట రాకపోతే క్లచ్ జారుతున్నట్టు. వేగం, ఆర్‌పీఎం రెండూ కలిసి మెల్లగా పెరుగుతుంటే క్లచ్ బాగానే ఉందని అర్థం.

కొండ ఎత్తును కారణంగా చెప్పేవారు కూడా ఉంటారు, దాన్ని ఇక్కడే తీసి పక్కన పెడదాం. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి ఒత్తిడి తిరుపతి కంటే ఎనిమిది శాతం వరకు తక్కువ. టర్బో లేని పెట్రోల్ బండికి ఆ మేరకు బలం తగ్గుతుంది గాని, టర్బో ఉన్న డీజిల్ ఆ లోటును చాలావరకు తానే పూడ్చుకుంటుంది. ఫియట్ రూపొందించిన ఈ 1,248 సీసీ ఇంజిన్‌కు 1,800 ఆర్‌పీఎం లోపల టర్బో అందక మందకొడితనం ఉన్న మాట నిజమే. ఇరుకు మలుపులో గేరు దించకుండా లాగిస్తే కొత్త బండి కూడా మూలుగుతుంది. అయితే అదే దారిలో, అదే గేరులో నిన్నటి దాకా ఎక్కిన బండి ఇవాళ ఎక్కకపోతే కారణం కొండ కాదు.

ఇక అసలు చోటు, గాలి దారి. బయటి గాలి ముందుగా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వస్తుంది, అక్కడి నుంచి గాలి పరిమాణాన్ని కొలిచే ఎం.ఏ.ఎఫ్. సెన్సర్ మీదుగా టర్బోకు చేరుతుంది, టర్బో దాన్ని ఒత్తి, ఇంటర్‌కూలర్ ఉన్న బండి అయితే అందులో చల్లబరిచి, రబ్బరు గొట్టాల ద్వారా ఇంజిన్ ఇన్‌టేక్‌లోకి పంపుతుంది. ఈ దారిలో టర్బోకు ముందు లోపం ఉంటే ఒక రకమైన లక్షణం, టర్బో తరువాత ఉంటే మరో రకమైన లక్షణం కనబడుతుంది.

టర్బో తరువాతి గొట్టం ఒకటి క్లిప్పు దగ్గర వదులైందనుకోండి. సెన్సర్ కొలిచిన గాలి అంతా ఇంజిన్‌కు చేరుతుందన్న నమ్మకంతో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ అంతకు తగిన డీజిల్ చల్లుతుంది. మధ్యలో కొంత గాలి బయటికి తప్పించుకుపోతుంది కాబట్టి, ఆ డీజిల్ పూర్తిగా కాలడానికి గాలి చాలక నల్లపొగగా బయటికి వస్తుంది. ఐడిల్‌లో, నెమ్మదిగా నడిపేటప్పుడు టర్బో ఒత్తిడి దాదాపు ఉండదు గనుక ఆ సందు మూసుకునే ఉంటుంది, బండి మామూలుగానే నడుస్తుంది. ఎక్కుడులో పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం ఒత్తిడికి గొట్టం పెదవి లేచి గాలి బుస్సుమంటుంది. ఊళ్లో తేడా లేకపోవడం, ఘాట్‌లో ఈడవడం, నల్లపొగ, మైలేజీ పడిపోవడం, ఈ నాలుగూ ఒకే బండిలో సర్వీసు తరువాత కనబడ్డాయంటే నేను మొదట ఈ గొట్టాలనే చూస్తాను. లైటు వెలగకపోవడం దీనికి విరుద్ధం కాదు. కోరిన ఒత్తిడికీ వచ్చిన ఒత్తిడికీ మధ్య తేడా ఒక హద్దు దాటి, కొంతసేపు అలాగే ఉంటేనే కంప్యూటర్ లైటు వెలిగిస్తుంది. చిన్న లీకులు ఆ హద్దు లోపలే ఉండిపోతాయి.

సర్వీసులో ఆ గొట్టం జోలికి ఎందుకు వెళ్తారని మీరు అడగవచ్చు. చాలా చిన్న డీజిల్ కార్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఇంజిన్ నెత్తిన కూర్చుని ఉంటుంది, కింద ఫిల్టర్లు చేతికి అందాలంటే డబ్బానో, అడ్డొచ్చే గొట్టాన్నో కదపక తప్పదు. సాయంత్రం డెలివరీకి పది బళ్లు నిలబడి ఉన్నప్పుడు క్లిప్పు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

చూడవలసిన తీరు ఇది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మంచి టార్చి వెలుతురులో, టర్బో నుంచి ఇన్‌టేక్ దాకా ఉన్న ప్రతి అతుకు దగ్గరా ఆగండి. గొట్టం సంవత్సరాలుగా ఒకే చోట బిగిసి ఉంటే దాని అంచు కింద లోహపు మూతి మీద ఒక శుభ్రమైన గీత పడి ఉంటుంది. ఆ గీత ఇప్పుడు గొట్టం బయటికి, అర వేలెడు దూరంలో కనబడుతోందంటే గొట్టం పూర్తిగా లోపలికి ఎక్కలేదని అర్థం. అతుకు చుట్టూ పలుచని నూనె చెమ్మ, దానికి అంటుకున్న నల్లటి ధూళి ఒకవైపే చిమ్మినట్టు ఉంటే గాలి అటే బయటికి పోతోంది. గొట్టాల లోపల కాస్త నూనె తేమ ఉండటం మామూలే, దాన్ని చూసి భయపడవద్దు. క్లిప్పు స్క్రూ మీద కొత్తగా పడిన స్క్రూడ్రైవర్ గీతలు కూడా చూడండి, ఇటీవల ఎవరి చెయ్యి పడిందో అవి చెబుతాయి. రబ్బరు కింది వైపు, మడత దగ్గర సన్నని చీలిక ఉంటే పైనుంచి కనబడదు, రెండు వేళ్లతో మడిచి చూడాలి. కంటికి ఏమీ దొరకకపోతే షెడ్డులో గాలి దారిని మూసి, అర బార్ లోపు ఒత్తిడితో గాలి పట్టించి, అతుకుల మీద షాంపూ నీళ్లు చల్లితే లీకు ఉన్న చోట నురగ పొంగుతుంది. పొగ యంత్రం ఉన్న షెడ్డు దొరికితే ఇంకా మంచిది.

టర్బోకు ముందు భాగంలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడటం తప్పనిసరి. కొత్త ఫిల్టర్‌కు చుట్టిన పాలిథీన్ కవరు తీయకుండానే బిగించిన బళ్లూ, డబ్బా తుడవడానికి వాడిన గుడ్డను అందులోనే మరిచిపోయిన బళ్లూ నా షెడ్డుకు వచ్చాయి. అటువంటి ఇంజిన్ పరిస్థితి నోటికి తుండు గట్టిగా కట్టుకుని అలిపిరి మెట్లెక్కే మనిషి పరిస్థితే. ఫిల్టర్ అంచు గాడిలో కూర్చోకుండా మూత బిగిస్తే బలం పెద్దగా తగ్గదు గాని, వడపోత లేని ధూళి నేరుగా టర్బో రెక్కల మీదికి పోతుంది, ఆ నష్టం నెలల తరువాత బయటపడుతుంది. ఫిల్టర్ తరువాతి గొట్టం లోపలి గోడను తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి. ఎర్రటి దుమ్ము అంటితే ఆ విషయాన్ని ఫొటోతో సహా భద్రపరచుకోవాలి.

డీజిల్ ఫిల్టర్ సంగతికి వస్తే, మార్చినప్పుడు రబ్బరు రింగు నలిగినా, గాలి సరిగ్గా తీయకపోయినా ఇంజిన్‌కు ఎక్కుడులో డీజిల్ చాలదు. అయితే అప్పుడు లక్షణం వేరుగా ఉంటుంది. పొగ రాదు, తొక్కిన కొద్దీ బండి కుదుపులతో వెనక్కి లాగినట్టవుతుంది, తెల్లవారి స్టార్ట్ చేయడానికి మామూలు కంటే ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టవలసి వస్తుంది. మీరు ఈ మూడింటిలో ఒక్కటీ రాయలేదు కాబట్టి దీన్ని రెండో వరుసలో ఉంచుతున్నాను. ఆయిల్ మాత్రం ఇప్పుడే చూసేయండి. సమతలంలో బండి నిలిపి, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు డిప్‌స్టిక్ తీసి, పై గుర్తు దాటి ఉందా అని చూడాలి. ఎక్కువ పోసిన ఆయిల్‌ను ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ ఇరుసు చిలికి నురగ చేస్తుంది, ఆ ఆవిరి గాలి దారిలోకి వెళ్లి గొట్టాలను జిడ్డు చేస్తుంది, జిడ్డెక్కిన గొట్టం క్లిప్పు కింద ఇంకా సులభంగా జారుతుంది. బిల్లులో వేసిన లీటర్లు, యజమాని పుస్తకంలో మీ ఇంజిన్‌కు రాసిన లీటర్లు ఒకటేనా అన్నది కూడా పోల్చి చూడండి.

ఇంజిన్ మీద ప్రెషర్ గన్‌తో వాటర్ వాష్ కొట్టడం నాకు మొదటి నుంచి నచ్చని పని. సెన్సర్ కనెక్టర్లలోకి నీళ్లు చేరితే తప్పుడు రీడింగులు వస్తాయి. అవి ఆరాక తగ్గిపోవచ్చు, పచ్చటి తుప్పు పట్టి ముదిరిపోనూవచ్చు. ఎం.ఏ.ఎఫ్. సెన్సర్ ప్లగ్గు, ఇన్‌టేక్ మీద ఉండే ఒత్తిడి సెన్సర్ ప్లగ్గు, రెండూ టిక్కుమనే దాకా కూర్చున్నాయో లేదో చూడండి. మీ బండి 90 హార్స్‌పవర్ రకమైతే టర్బో రెక్కల కోణాన్ని మార్చే భాగానికి సన్నని వాక్యూమ్ గొట్టం వెళుతుంది, అది ఊడినా టర్బో ఒత్తిడి రాదు. 75 హార్స్‌పవర్ రకంలో ఆ ఏర్పాటు లేదు.

ఇంతవరకు కళ్లతో, చేతులతో చూశాం. షోరూము వారితో వాదించడానికి అంకెలు కావాలి. మీ బండిలో స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ (ఇంజిన్ కంప్యూటర్ రీడింగులు చదివే చోటు) ఉంటుంది. అందులో పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్, ఫోనులో ఒక ఓబీడీ యాప్ ఉంటే చాలు. ముందుగా ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి ఇన్‌టేక్ ఒత్తిడి చూడండి. తిరుపతిలో అది 98 నుంచి 100 కిలోపాస్కల్ మధ్య చూపించాలి, అంటే సెన్సర్ బయటి గాలిని సరిగ్గా చదువుతోందన్నమాట. అక్కడే 80 అనో 115 అనో చూపిస్తే గొట్టాల జోలికి వెళ్లకముందు సెన్సర్‌నూ దాని ప్లగ్గునూ చూడాలి. తరువాత ఇంజిన్ వేడెక్కాక, ట్రాఫిక్ పలచగా ఉన్న సమయంలో చంద్రగిరి దాటి చిత్తూరు వైపు హైవే మీదకు వెళ్లండి. ఫోను చూడటానికి పక్కన మరొకరు ఉండాలి, మీరు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకూడదు. మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి 3,000 దాకా తీసుకువెళుతూ ఒత్తిడి రికార్డు చేయించండి. ఆరోగ్యంగా ఉన్న చిన్న టర్బో డీజిల్‌లో 2,000 దాటేసరికి ఆ అంకె 180 దాటి, 200 చుట్టుపక్కలకు చేరుతుంది. మీ బండిలో 130, 140 దగ్గరే ఆగిపోతే టర్బో ఒత్తిడి రావడం లేదనో, వచ్చింది నిలవడం లేదనో తేలిపోయింది. ఈ పరీక్షను తిరుమల ఘాట్‌లో చేయవద్దు. అక్కడ వేగం మీద నిబంధన ఉంది, వెనక బస్సులు ఉంటాయి, ఆపి చూసుకునే వీలు ఉండదు.

ఒత్తిడి సరిగ్గా వస్తూ కూడా బండి లాగకపోతే దారి మారుతుంది. అప్పుడు ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో (రైలు అంటారు) ఒత్తిడి, డీజిల్ చల్లే ఇంజెక్టర్లు, ఈజీఆర్ వాల్వు (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకునే ఉండిపోవడం, సైలెన్సర్ వైపు అడ్డు వంటివి చూడాలి. అది స్కానర్ ఉన్న చేతి పని. మీ లక్షణాల్లో నాకు ఈజీఆర్ మీద కొద్దిపాటి అనుమానం ఉంది, ఎందుకంటే అది కూడా నల్లపొగ ఇస్తుంది. కానీ ఈజీఆర్ ఇరుక్కుంటే ఊళ్లో కూడా మందం తెలుస్తుంది, పైగా అది సర్వీసు రోజే ఇరుక్కోవడం కాకతాళీయం అవుతుంది.

టర్బో నిజంగా పోయిందని షోరూము వారు పట్టుబడితే, ఏ ఆధారంతో అంటున్నారో చూపించమనండి. టర్బోకు గాలి వచ్చే గొట్టం విప్పితే రెక్కలు కనబడతాయి. ఇరుసును అటూ ఇటూ కదిపితే అతి కొద్దిగా ఆడటం సహజం, ముందుకూ వెనక్కూ మాత్రం చేతికి తెలిసేటట్టు ఆడకూడదు, రెక్కల అంచులు గోడను రాసుకున్న గుర్తులు ఉండకూడదు. పోయిన టర్బో సాధారణంగా నీలిపొగ ఇస్తుంది, ఆయిల్ తాగుతుంది, సైరన్ లాంటి కూత పెడుతుంది. వీటిలో ఏదీ మీరు చెప్పలేదు. ఒక్క మినహాయింపు ఉంది. ఆయిల్ మార్చేటప్పుడు తప్పుడు ఫిల్టర్ పెట్టి టర్బోకు నూనె అందకుండా పోతే అది రోజుల్లోనే చెడిపోవచ్చు. అలా జరిగి ఉంటే ఖర్చు మీది కాదు, వారిది. లీకుతోనే చాలాకాలం నడిపినా, లోటు పూడ్చడానికి టర్బో అవసరానికి మించిన వేగంతో తిరిగి నిజంగానే అరిగిపోతుంది కాబట్టి, ఇది తేలేదాకా బరువుతో ఘాట్లు ఎక్కవద్దు. అటు మొగిలి ఘాట్ మీదుగా బెంగళూరు ప్రయాణం ఉన్నా వాయిదా వేసుకోండి.

షోరూముకు వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర నోటితో చెప్పి వదిలేయకండి. కొత్త జాబ్ కార్డులో ఫిర్యాదు మీ మాటల్లో రాయించండి: ఏ తేదీ సర్వీసు, ఎంత కిలోమీటర్ల దగ్గర, ఆ తరువాత నల్లపొగతో పికప్ తగ్గింది, టర్బో నుంచి ఇన్‌టేక్ దాకా లీక్ పరీక్ష చేసి ఫలితం రాతపూర్వకంగా ఇవ్వాలి. మీరు గొట్టం జారి ఉన్నట్టు ముందే చూసి ఉంటే దాన్ని మీరే బిగించకుండా, దగ్గర నుంచీ దూరం నుంచీ ఫొటోలు తీసి, వారి ముందే వారిచేతే బిగించమనండి. లేదంటే మీరే వదులు చేశారనే మాట పడవలసి వస్తుంది. సర్వీస్ అడ్వైజర్ స్థాయిలో తేలకపోతే వర్క్స్ మేనేజర్‌కు, ఆపైన కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పంపండి. అక్కడా పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. సేవలో లోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. అయితే గొట్టం బిగించే పనికి అంత దూరం వెళ్లవలసి రాదు. ఓబీడీ అంకెలు, ఫొటోలు చూపిస్తే చాలామంది మేనేజర్లు వెంటనే బండిని లిఫ్ట్ మీదకు ఎక్కిస్తారు.

గొట్టం దొరికి, బిగించాక, అదే హైవే మీద, అదే గేరులో, అదే పరీక్ష మళ్లీ చేయండి. ఒత్తిడి 180 దాటితే, పొగ ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే, టర్బో ఎస్టిమేట్‌ను పక్కన పెట్టేయవచ్చు. అతుకులన్నీ గట్టిగా ఉన్నాయని షాంపూ నీళ్లతో రుజువై, ఫిల్టర్ డబ్బా శుభ్రంగా ఉండి, సెన్సర్ ఆపిన ఇంజిన్‌లో సరిగ్గా చదువుతూ, అయినా అంకె 140 దాటకపోతే అప్పుడు టర్బో గొట్టం విప్పి ఇరుసు చూడండి. అది కూడా మీరు పక్కన నిలబడి ఉండగానే విప్పించండి.